ఇంటి మేడ మీద రెండు చుక్కలు

సభకు నమస్కారం. శాలువాలు, బొకేలు అయ్యాయి కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. చలికాలపు ఆకాశం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను, ముందు నా గోడు వినండి.

నేను కొన్న 20×80 బైనాక్యులర్, అంటే ఇరవై రెట్లు పెద్దగా చూపే, 80 మిల్లీమీటర్ల కటకాలున్నది, కొరియర్‌లో వచ్చింది. ఆ రాత్రి చూస్తే గురుగ్రహం రెండు! పావుగంటకు తలనొప్పి. నా కళ్ళే పాడయ్యాయనుకుని అద్దాలు మార్పించాను. తప్పు కళ్ళది కాదు, బైనాక్యులర్‌దని తెలిసేసరికి ఏడాది గడిచింది. మీలో ఎంతమంది ఇలాగే కళ్ళను తిట్టుకుంటున్నారో చేతులెత్తండి. చూశారా!

1901లో నవాబ్ జఫర్ జంగ్ నిజామియా అబ్జర్వేటరీకి, అంటే నక్షత్రశాలకి, పునాది వేసిన ఊరు మన హైదరాబాద్. ఆయన తెప్పించిన 15 అంగుళాల టెలిస్కోపుకి ఈ బాధ లేదు, ఒక కన్నే కదా. రెండు గొట్టాలు ఒకే వైపు చూడాల్సిన చోటే చిక్కంతా. ఒక గొట్టం అటూ ఇటూ అయిన తేడాను బైనాక్యులర్ ఇరవై రెట్లు చేసి కంటికి చూపిస్తుంది. కళ్ళు లోపలికి తిరిగి ఎలాగో సర్దుకుంటాయి. పైకీ కిందికీ మాత్రం దాదాపు సర్దుకోలేవు.

పరీక్ష తేలిక. స్టాండు మీద పెట్టి ధ్రువ నక్షత్రం వైపు తిప్పండి. మనకది ఉత్తరాన సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, దాదాపు కదలదు. ఒక కంటివైపు ఫోకస్ చెడగొడితే చుక్క బిళ్ళలా ఉబ్బుతుంది. రెండో కంటి చుక్క ఆ బిళ్ళ నడిమధ్యలో ఉండాలి. బిళ్ళనీ చుక్కనీ మెదడు కలిపేయలేదు కాబట్టి అబద్ధం దాగదు.

నాదాంట్లో ప్రిజం, అంటే లోపల వెలుగును మళ్ళించే గాజు దిమ్మ, దాన్ని జరిపే స్క్రూలు రబ్బరు తొడుగు కింద ఉన్నాయి. వాచీల స్క్రూడ్రైవర్‌తో, గడియారంలో పెద్దముల్లు ఐదు నిమిషాలు జరిగినంత తిప్పాలి, మళ్ళీ చూడాలి. నేను మొదటిరోజు అర చుట్టు తిప్పేసి మూడు రాత్రులు ఏడ్చాను.

నాలుగో రాత్రి చుక్క మధ్యలో కూర్చుంది. మా ఆవిడను పిలిచాను. ఆవిడ తన కళ్ళ దూరానికి గొట్టాలు దగ్గరికి మడిచి చూసి, “ఏవండీ, రెండే ఉన్నాయి కదా!” అంది. అప్పుడు తెలిసింది, అది నా కళ్ళ ఎడానికే కుదిరిందని. మడత తిరిగే ఇరుసుకి రెండు గొట్టాలూ సమాంతరంగా ఉంటేనే అందరికీ ఒక్కటి కనబడుతుంది.

చలికాలపు ఆకాశం సంగతి... టైమ్ అయిపోయిందా? సరే. లైట్లు తీయండి. బైనాక్యులర్ మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన పెట్టాను. అమ్మా, ముందు మీరు రండి, మీ కళ్ళకు తగ్గట్టు మడిచి, ఎన్ని కనిపిస్తున్నాయో గట్టిగా చెప్పండి.