బోర్డు గీసే సాఫ్ట్‌వేర్‌ను ఏం చూసి ఎంచుకోవాలి?

వ్యాఖ్యాత: సర్క్యూట్ బోర్డుల డిజైన్‌కు కొత్తగా సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవారు ముందుగా దేన్ని పరిశీలించాలంటారు?

అతిథి: ఏ సదుపాయాలు ఉన్నాయన్నది తర్వాత చూసుకోవచ్చు, ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోయిన రోజున నా ఫైళ్లు తెరుచుకుంటాయా అన్నది ముందు తేల్చుకోవాలి. 1988లో వచ్చిన ఈగిల్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో ఎందరో తమ తొలి బోర్డు గీశారు. 2016లో దాన్ని కొన్న ఆటోడెస్క్, 2026 జూన్ 7తో దాన్ని ఆపేస్తామని 2023లోనే ప్రకటించింది.

వ్యాఖ్యాత: మరి అందులో గీసిన పాత బోర్డుల సంగతి ఏమిటండి?

అతిథి: ఈగిల్ ఆరో వెర్షన్ నుంచి ఫైళ్లను ఎక్స్ఎంఎల్ అనే, ఇతర సాఫ్ట్‌వేర్లూ చదవగలిగే టెక్స్ట్ రూపంలో భద్రపరచడం వల్ల కీక్యాడ్ అనే మరో డిజైన్ సాఫ్ట్‌వేర్ వాటిని దిగుమతి చేసుకోగలుగుతోంది. డిజైన్ రూల్స్‌ను (తీగల మధ్య ఎంత ఖాళీ ఉండాలి వంటి నియమాలను), కాపర్ నింపిన భాగాలను మాత్రం మళ్లీ సరిచూసుకోవాలి. కీక్యాడ్ 1992లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. దాని ఫైళ్లు మామూలు టెక్స్ట్ కాబట్టి ఏది ఎప్పుడు మారిందో, ఫైళ్ల మార్పులను నమోదు చేసే గిట్‌లో కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: డబ్బు చెల్లించి ఆల్టియం వంటివి తీసుకోవడం అనవసరమా?

అతిథి: పెద్ద బృందం ఒకే డిజైన్‌పై పనిచేస్తూ, విడిభాగాల సమాచారాన్ని ఒకేచోట నిర్వహించుకోవాల్సి వస్తే ఆ ఖర్చుకు అర్థముంది. రెండు, నాలుగు లేయర్ల బోర్డులకు మాత్రం నా దృష్టిలో అక్కర్లేదు. అసలు ఇబ్బంది విడిభాగాల గుర్తులు, కొలతలు ఉండే లైబ్రరీలతోనే వస్తుంది, అది ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తప్పదు. 2ఎన్3904, బీసీ547 రెండూ టీఓ-92 అనే మూడు కాళ్ల ప్యాకేజీలో వచ్చే ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లే అయినా, చదునైన ముఖం మనవైపు ఉంచి చూస్తే మొదటిదానికి ఎడమ కాలు ఎమిటర్, రెండోదానికి కలెక్టర్. డౌన్‌లోడ్ చేసిన ఫుట్‌ప్రింట్‌ను, అంటే బోర్డుపై విడిభాగం కాళ్లు అతికే చోట్ల నమూనాను, తయారీదారు ఇచ్చే డేటాషీట్‌తో పోల్చకుండా నమ్మితే, డిజైన్ రూల్ చెక్‌లో ఒక్క తప్పూ రాకుండానే పనికిరాని బోర్డు చేతికొస్తుంది.

వ్యాఖ్యాత: సర్క్యూట్‌ను కంప్యూటర్‌లోనే నడిపి చూసే సిమ్యులేషన్ కూడా అందులోనే ఉండాలా?

అతిథి: ఉంటే మంచిదే, కీక్యాడ్‌లో ఎన్‌జీస్పైస్ అనే సిమ్యులేటర్ ఉంది, విడిగా కావాలంటే ఎల్‌టీస్పైస్ ఉచితం.

వ్యాఖ్యాత: బ్రౌజర్‌లో నడిచేవాటి మాటేమిటి?

అతిథి: ఇన్‌స్టాల్ చేసే పని ఉండదు, వెంటనే గీయడం మొదలుపెట్టవచ్చు. అయితే పెద్ద పని అప్పగించే ముందు ఒక చిన్న బోర్డు గీసి, స్కీమాటిక్ (కనెక్షన్ల చిత్రం), లేఅవుట్ (బోర్డుపై అమరిక) ఫైళ్లను సొంత కంప్యూటర్‌లోకి దించుకుని, వాటిని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడాలి. తయారీకి ఫ్యాక్టరీకి పంపే గెర్బర్ ఫైళ్లు ఒక్కటే బయటకు వస్తే చాలదు. వాటితో ఫ్యాక్టరీ బోర్డు చేసిస్తుందే కానీ, రేపు ఒక రెసిస్టర్‌ను పక్కకు జరపాలంటే మళ్లీ ఆ బ్రౌజర్‌నే ఆశ్రయించాలి.