రేవు కూలీల వకీలు

శ్రోతలకు నమస్కారం. 1920 తొలి నెలల్లో లండన్‌లో రేవు కూలీల కూలి మీద ఒక విచారణ జరిగింది. జరుగుతుండగా న్యాయమూర్తి ముందుకు వండిన తిండి పళ్ళేల్లో వచ్చింది. తెచ్చినవాడు ఎర్నెస్ట్ బెవిన్, రేవు కూలీల సంఘం నాయకుడు. కూలీ కుటుంబానికి తిండి ఖర్చు ఎంత సరిపోతుందో యజమానుల తరఫున ప్రొఫెసర్ ఆర్థర్ బౌలీ లెక్క కట్టి చెప్పాడు. బెవిన్ అంకెలతో వాదించలేదు. ఆ లెక్క ప్రకారం సరుకు కొని, వండి, మనిషికి వచ్చే వాటా విడదీసి చూపించాడు. పొద్దంతా బస్తాలు మోసేవాడికి ఇది చాలునా అని నిలదీశాడు.

అడిగింది రోజుకు కనీసం 16 షిల్లింగుల కూలి. అప్పట్లో రేవుల్లో పని దినదిన గండమే. పొద్దున్నే గేటు దగ్గర గుమిగూడాలి, మేస్త్రీ వేలు చూపినవాడికి పని, మిగతావాళ్ళు ఇంటికి. లార్డ్ షా అధ్యక్షతన కూర్చున్న ఆ విచారణ సంఘం 16 షిల్లింగులూ ఇవ్వాలంది, పనికి భరోసా కూడా ఉండాలని సిఫారసు చేసింది. పత్రికలు బెవిన్‌కు ‘రేవు కూలీల బారిస్టరు’ అని పేరు పెట్టాయి. చదువు మాత్రం పదకొండో ఏట ఆగిపోయింది! 1881లో సోమర్సెట్ పల్లెలో పుట్టాడు, తండ్రి ఎవరో తెలియదు, ఎనిమిదేళ్ళకే తల్లి పోయింది. పొలం పని చేశాడు, బ్రిస్టల్‌లో సోడా బండి తోలాడు. 1910లో బండివాళ్ళను కూడగట్టడంతో సంఘం పని మొదలైంది.

1922లో పద్నాలుగు సంఘాలను కలిపి రవాణా, సాధారణ కార్మికుల సంఘం కట్టాడు. అందులో రేవు, బస్సు, లారీ వాళ్ళకు వేరువేరు కమిటీలు, కానీ నిధీ, సమ్మెకు అనుమతీ కేంద్రం చేతిలో. 1926 సార్వత్రిక సమ్మె తొమ్మిది రోజుల్లో కుప్పకూలాక ఆ పిడికిలి ఇంకా బిగిసింది.

ఆ పిడికిలి సొంతవాళ్ళ మీదా పడింది. 1937 మేలో, జార్జ్ రాజు పట్టాభిషేకం వేళ, ఏడున్నర గంటల పనిదినం కోసం లండన్ బస్సు కార్మికులు దాదాపు నెల రోజులు సమ్మె చేశారు. ట్రాముల వాళ్ళను కూడా సమ్మెలోకి దించమంటే బెవిన్ ఒప్పుకోలేదు. కేంద్రం సమ్మె ఆపించింది, ముందు నిలిచిన వాళ్ళలో కొందరిని సంఘం నుంచి బహిష్కరించింది. సమ్మె ఆపడాన్ని వ్యూహమని సమర్థించవచ్చు, బహిష్కరణ మాత్రం కక్షలాగే కనిపిస్తుంది నాకు.

1940లో చర్చిల్ పిలిచి కార్మిక మంత్రిని చేశాడు. అప్పటికి బెవిన్ పార్లమెంటు సభ్యుడు కూడా కాడు! యుద్ధం పేరు చెప్పి రేవు కూలీలందరి పేర్లూ నమోదు చేయించాడు, పని ఉన్నా లేకున్నా కొంత వేతనం అందేలా చూశాడు. షా సంఘం సిఫారసు అలా ఇరవయ్యేళ్ళ తర్వాత కదిలింది. 1947లో అది దేశమంతటికీ శాశ్వత పథకమైంది.

అదే 1940లో సమ్మెలను దాదాపు నిషేధించే 1305వ నంబరు ఉత్తర్వు కూడా అతని శాఖ నుంచే వచ్చింది. తర్వాత విదేశాంగ మంత్రి అయ్యాడు, 1951 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ ఉత్తర్వు యుద్ధం ముగిసినా బతికే ఉంది. 1951 ఫిబ్రవరిలో దాని కింద అరెస్టయిన ఏడుగురూ రేవు కార్మికులే. ఆగస్టులో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.