పికప్ చూసి పెడల్ కొనండి

శ్రోతలకు నమస్కారం. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునే పిల్లలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. కొందరు ఆదివారం చర్చిలో వాయిస్తారు, కొందరు పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రాతో. ఏ కంప్రెసర్ కొనాలి, ఏ బూస్ట్ కొనాలి అని వాళ్లు అడుగుతుంటారు. ఇవి గిటార్ స్వరాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు, వీటినే పెడల్స్ అంటారు. నీ గిటార్‌లో ఏ పికప్ ఉంది అని నేను తిరిగి అడిగితే చాలాసార్లు జవాబు రాదు. పెడల్ ధర రూపాయితో సహా చెబుతారు గానీ, తీగల కింద ఉన్నదేమిటో ఎప్పుడూ చూసి ఉండరు.

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. గిటార్ తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది ఇదే. అలాంటి చుట్ట ఒక్కటే ఉంటే సింగిల్ కాయిల్. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఇవి మూడు ఉంటాయి. స్వరం తేటగా, తీగలు మీటే బిళ్ల, అంటే పిక్, తగిలిన ప్రతి దెబ్బా వినబడేట్టు ఉంటుంది. చిక్కేమిటంటే, గోడలోని కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొదను కూడా ఇది పట్టుకుంటుంది. ఆ రొదను పోగొట్టడానికే గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ 1950లలో హంబకర్ తయారు చేశాడు. అందులో చుట్టలు రెండు. వాటిని ఎదురెదురు దిశల్లో చుట్టి, అయస్కాంత ధ్రువాలను కూడా తారుమారు చేశాడు. దాంతో రెండు చుట్టల్లోని రొద ఒకదానినొకటి కొట్టేసుకుంటుంది, తీగల నాదం మాత్రం కలిసి పెరుగుతుంది. అందుకే హంబకర్ స్వరం బలంగా, కాస్త మందంగా ఉంటుంది.

ఇక కంప్రెసర్. మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి పాట పెద్దదైతే మీట దించుతూ, సన్నగిల్లితే పెంచుతూ ఉంటాడు కదా, ఈ పెట్టె కూడా ఆ పనే చేస్తుంది. సింగిల్ కాయిల్‌కు ఇది బాగా నప్పుతుంది. చిటుక్కున మొదలై చప్పున ఆరిపోయే స్వరాన్ని కాసేపు నిలబెడుతుంది. అయితే స్వరం ఆరిపోతున్న కొద్దీ పెట్టె శక్తి పెంచుతుంది, దాంతోపాటు రొదా పెరుగుతుంది. రంగురంగుల లైట్లు, పక్కనే జనరేటరు, ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గు ఉన్న ఫంక్షన్ హాల్లో పాటకూ పాటకూ మధ్య వినిపించే ఆ గుయ్యిమనే శబ్దం పెళ్లివారికి గిటార్ మీదే విరక్తి పుట్టిస్తుంది! నేటి స్ట్రాటోకాస్టర్లలో చాలావాటికి మధ్య పికప్‌ను తిరగేసి చుడతారు. పికప్‌లను ఎంచుకునే స్విచ్‌ను రెండో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెడితే రెండు పికప్‌లు కలిసి రొద తగ్గుతుంది. కంప్రెసర్ వాడేటప్పుడు నేను ముందుగా ఆ స్థానాలే చూడమంటాను.

హంబకర్ సంగతి వేరు. చవక కంప్రెసర్లలో చాలావాటికి స్వరాన్ని నిలబెట్టే సస్టెయిన్, బయటికొచ్చే శబ్దాన్ని పెంచే అవుట్‌పుట్ అనే రెండు మీటలే ఉంటాయి, ఎంత పెద్ద శబ్దం దగ్గర అణచడం మొదలుపెట్టాలో చెప్పే మీట ఉండదు. సింగిల్ కాయిల్‌కు సరిపోయిన చోటే మీట ఉంచి హంబకర్ తగిలిస్తే, సిగ్నల్ బలంగా ఉంటుంది కాబట్టి పెట్టె దాన్ని మరింత నొక్కేస్తుంది. పిక్ దెబ్బ మాయమై స్వరం ముద్దగా మారుతుంది. కాబట్టి సస్టెయిన్ బాగా తగ్గించాలి. అసలు సిగ్నల్‌ను కూడా కొంత కలిపే బ్లెండ్ మీట ఉన్న పెడల్ దొరికితే, హంబకర్ వాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోవడం మంచిది.

బూస్ట్ ఇంత తిరకాసు పెట్టదు. సిగ్నల్‌ను పెంచడమే దాని పని. 6 డెసిబెల్స్ పెంచితే వోల్టేజి దాదాపు రెట్టింపు, 20 పెంచితే పదింతలు. స్వరాన్ని గరగరలాడించే డ్రైవ్ పెడల్‌కు ముందు పెడితే ఆ గరగర పెరుగుతుంది. తర్వాత పెడితే సోలోలో గిటార్ గట్టిగా వినిపిస్తుంది. హంబకర్‌కు బాస్ తగ్గించి, పై స్వరాలను పెంచే బూస్ట్ హాయిగా ఉంటుంది. సింగిల్ కాయిల్‌కు అదే పెడితే చెవిలో గుచ్చుకుంటుంది, దానికి మధ్య స్వరాలను కాస్త లేపే బూస్ట్ మేలు.

చర్చిల్లో ఎక్కువగా వాడే బాక్స్ గిటార్‌లో సాధారణంగా పీజో పికప్ ఉంటుంది, ఇది అయస్కాంతంతో కాక తీగల ఒత్తిడితో పనిచేస్తుంది. లోపలే బ్యాటరీతో నడిచే ప్రీఆంప్, అంటే సిగ్నల్‌ను ముందుగా బలపరిచే భాగం, ఉంటే సరే. లేకపోతే ముందు దాని కోసం ఖర్చు పెట్టండి, పెడల్ తర్వాత చూడవచ్చు.

ఒక్క పెడల్‌కే డబ్బులున్నాయంటే నా మాట ఇది: సింగిల్ కాయిల్‌తో గరగర లేకుండా క్లీన్ రిథమ్ వాయించేవారు కంప్రెసర్ కొనండి, హంబకర్ వాళ్లు బూస్ట్ కొనండి. హైదరాబాద్ దుకాణానికి వెళ్లేటప్పుడు బస్సులో ఎంత ఇబ్బందైనా సొంత గిటార్ వెంట తీసుకెళ్లండి. అక్కడ తీగల మీద అరచెయ్యి ఆనించి, సస్టెయిన్ పూర్తిగా పెంచి, రొద ఎంత వస్తుందో వినండి. 9 వోల్టుల అడాప్టర్ పెడల్ ప్యాకింగ్‌లో ఉందో లేదో కూడా అడగండి, చాలా పెడల్స్‌తో అది రాదు. విడిగా కొంటే పిన్ను మధ్యభాగం నెగటివ్‌గా ఉన్నదే తీసుకోండి.