ఐదక్షరాల మాటలు, చివరి నాలుగూ ఒకటే

అధ్యక్షులకు, గ్రంథాలయ వారోత్సవాల నిర్వాహకులకు, ముందు వరసల్లో కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఇంగ్లీషు పదసంపద గురించి మాట్లాడమని నన్ను ఆహ్వానించారు. అది సముద్రం, నేను చెంబెడు నీళ్ళే ముంచుకుంటాను. సరిగ్గా ఐదక్షరాలుండి, చివరి నాలుగూ ఓ, యూ, జీ, హెచ్ అయ్యే మాటలు మాత్రమే ఈనాటి నా విషయం. మొదటి చోట 26 అక్షరాల్లో దేన్నైనా పెట్టి చూడవచ్చు గాని, నిత్యవ్యవహారంలో నిలిచేవి ఐదే. బీ పెడితే బౌ, అంటే చెట్టుకొమ్మ. సీ పెడితే కాఫ్, దగ్గు. డీ పెడితే డో, తడిపి కలిపిన పిండిముద్ద. ఆర్ పెడితే రఫ్, గరుకైనది. టీ పెడితే టఫ్, గట్టిది లేదా కష్టమైనది. నిఘంటువు తిరగేస్తే మరికొన్ని దొరుకుతాయి. వాటిలో ఎల్‌తో మొదలయ్యే మాటకు ఐర్లాండులో సరస్సు అని అర్థం. తోక ఒకటే అయినా పై ఐదు మాటల్లోనే దానికి నాలుగు పలుకులున్నాయి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పాఠం పైకి చదువుతూ డో అనవలసిన చోట డఫ్ అన్నాను. తరగతి అంతా నవ్వింది. టఫ్ అయినప్పుడు ఇది డఫ్ ఎందుకు కాదని అడిగితే, మాస్టారు, ‘ఇంగ్లీషుకు లెక్కాపత్రం ఉండదు, బట్టీ పట్టు’ అన్నారు. ఆ జవాబు తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. లెక్క ఉంది, కాకపోతే అది పాత లెక్క.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఈ మాటల చివర నిజంగానే ఒక హల్లు వినిపించేది. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవారు ‘ఖబర్’ అన్నప్పుడు గొంతులోంచి ఒరుసుకుంటూ వచ్చే ధ్వని ఉందే, ఇంచుమించు అది. గరుకైనదాన్ని రూఖ్ అనీ, గట్టిదాన్ని టోఖ్ అనీ అనేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి అలవాట్లు గల లేఖకులు రాతపని చేపట్టారు. ఈ ఒరిపిడి ధ్వనికి వారు క్రమంగా జీ, హెచ్ జంటను స్థిరపరిచారు. 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టరులో అచ్చుయంత్రం పెట్టిన తరువాత రాత మెల్లగా గడ్డకట్టింది. పలుకు మాత్రం పారుతూనే ఉండి, తరువాతి రెండు మూడు వందల ఏళ్ళలో ఆ ధ్వనిని ప్రామాణిక ఇంగ్లీషులోంచి పూర్తిగా తుడిచిపెట్టింది. స్కాట్లండు, ఐర్లాండుల్లో అది ఇంకా బతికే ఉంది గనుకనే, ఇందాక చెప్పిన సరస్సు మాటను అక్కడివారు నేటికీ లాఖ్ అంటారు.

పోయే ధ్వని అన్ని మాటల్లోనూ ఒకే తీరుగా పోలేదు. మాట ఒంటరిగా ఉన్నప్పుడు చివర ‘ఖ్’ అని ముగిసేది. దాని వెనక విభక్తి ప్రత్యయం చేరితే ఆ హల్లు మెత్తబడి ‘వ’ వైపు జారేది. గసడదవాదేశం చదువుకున్న మనకు ఇలా మెత్తబడడం వింత కాదు. ఒంటరి రూపం నిలిచిన మాటల్లో, ముందున్న అచ్చు కోసం గుండ్రబడిన పెదవులే హల్లును కూడా తమ వైపు లాక్కుని ‘ఖ్’ను ‘ఫ్’ చేశాయి. రఫ్, టఫ్ ఆ దారిన వచ్చాయి. మెత్తబడిన రూపం గెలిచిన మాటల్లో హల్లు అచ్చులో కరిగిపోయింది. బౌ, డో ఆ దారివి. ఏ మాట ఏ దారి పట్టాలన్నది ఊరిని బట్టి కూడా మారింది. ఉత్తర ఇంగ్లండులో కొందరు పిండిముద్దను డఫ్ అనే అనేవారు. గుడ్డలో మూటకట్టి ఉడికించే ఒక రకం పుడ్డింగుకు ఆ పేరు ఈనాటికీ ఉంది. కాబట్టి ఎనిమిదో తరగతిలో నేను చదివింది మరీ అంత తప్పేమీ కాదు.

దగ్గు సంగతి వేరు. కాఫ్ అన్నది దగ్గే శబ్దాన్ని అనుకరిస్తూ పుట్టిన మాట. దాని పాత పలుకులో ఉన్న ‘ఖ్’కూ, ‘ఖళ్ళుఖళ్ళు’మని దగ్గాడు అనే మన మాటలోని ఖకారానికీ చుట్టరికం లేదు, రెండు చోట్లా దగ్గు ఒక్కటే అంతే. మందుల షాపులో మనవాళ్ళు ‘కఫ్ సిరప్’ అంటారు. కఫం నోట్లో ఆడుతున్న మాట కావడం వల్ల అలా స్థిరపడి ఉంటుందని నా ఊహ.

పలకని అక్షరాలు రాయడాన్ని చూసి ఇంగ్లీషువారిని ఎగతాళి చేసే ముందు మన అరసున్నను తలుచుకోవడం న్యాయం. వాఁడు అని మన తాతల కాలపు పుస్తకాల్లో అచ్చయ్యేది. ఆ అరసున్నను ఎవరూ పలికేవారు కాదు. ఒకప్పుడు అక్కడ ఉండిన ‘వాండు’లోని అనునాసికానికి అది గుర్తు. ఏడు అంటే సంఖ్య, ఏఁడు అంటే సంవత్సరం. చెవికి తెలియని తేడాను కన్ను పట్టుకునేది. మనం అరసున్నను వదిలేశాం, వారు జీ, హెచ్‌లను ఉంచుకున్నారు.

వదిలించుకోవాలని వారూ ప్రయత్నించకపోలేదు. అమెరికాలో నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ టఫ్‌ను మూడే అక్షరాలతో, టీ, యూ, ఎఫ్ అని రాయమన్నాడు, ఎవరూ వినలేదు. ఇదే తోక ఉన్న ప్లౌ, అంటే నాగలి, అనే మాటకు ఆయన సమర్థించిన, జీ, హెచ్ లేని పొట్టి రూపం మాత్రం అక్కడ నిలిచింది. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సరళమైన వర్ణక్రమం వాడమని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశిస్తే, పత్రికలు నవ్వాయి, కాంగ్రెసు అడ్డుపడింది, ఆయన వెనక్కి తగ్గవలసి వచ్చింది. నా మటుకు నాకు ఆ ఓటమి పట్ల విచారం లేదు. ఆ జీ, హెచ్‌లు నిలిచి ఉండబట్టే మాటల పూర్వీకులు కంటికి కనబడతారు. చెట్టుకొమ్మ అనే బౌ, మన బాహువు, రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషావేత్తలు చెబుతారు. బాహువులోని హకారం ఉన్న చోటనే ఇంగ్లీషు మాటలో జీ, హెచ్ కూర్చున్నాయి. పిండిముద్ద అనే డో, మన దేహం కూడా అంతే: పిసికి రూపం ఇవ్వడం అనే ఒకే ధాతువు సంతానం.

ఇక ఇక్కడి విద్యార్థుల కోసం ఆట సంగతి. జాష్ వార్డిల్ తయారుచేసి 2021లో అందరికీ అందించిన వర్డిల్‌లో దాగిన ఐదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. మనం వేసిన అక్షరం సరైన చోట ఉంటే గడి ఆకుపచ్చగా, మాటలో ఉండి చోటు తప్పితే పసుపుగా, అసలు లేకపోతే బూడిదరంగుగా మారుతుంది. మీరు కాఫ్ వేశారు, చివరి నాలుగు గళ్ళూ ఆకుపచ్చగా వెలిగాయి, సీ మాత్రం బూడిదరంగులో ఉండిపోయింది అనుకోండి. సంబరపడకండి, అది ఉచ్చు. బీ, డీ, ఆర్, టీలను ఒక్కొక్కటిగా పెట్టి చూస్తూ పోతే ప్రయత్నాలు కరిగిపోతాయి. దాని బదులు ట్రెండ్ అనే మాట వేయండి. దాని స్పెల్లింగులో టీ, ఆర్, డీ మూడూ ఉన్నాయి. మొదటి గడిలో టీ ఆకుపచ్చగా వస్తే జవాబు టఫ్. ఆర్ పసుపైతే రఫ్, డీ పసుపైతే డో. ఐదు గళ్ళూ బూడిదరంగైతే ఇక మిగిలింది చెట్టుకొమ్మే.