ఫీజు మీరు కట్టినా మార్కులు మీకు ఎందుకు చెప్పరు?

నమస్కారం అండీ. అమెరికాలో ఎంఎస్ చదివే పిల్లల అమ్మానాన్నలు ఈ వీడియో చివరిదాకా చూడండి. పిల్లలు కూడా పక్కన ఉంటే ఇంకా మంచిది.

అబ్బాయి ఎలా చదువుతున్నాడో కనుక్కుందామని యూనివర్సిటీకి ఫోన్ చేస్తే, ఏమీ చెప్పలేమన్నారట. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. వాడు అసలు క్లాసులకి వెళ్తున్నాడా, ఏదైనా దాస్తున్నాడా అని. హైదరాబాద్‌లో ఎవరింటికి వెళ్ళినా ఈ మాట వినిపిస్తోంది, విన్న ప్రతిసారీ నాకు బాధేస్తోంది. ఎందుకంటే క్లాసులో అందరికంటే ముందున్న పిల్లాడి గురించి అడిగినా సరిగ్గా అదే జవాబు వస్తుంది.

కూకట్‌పల్లిలో ఉన్న ఒక తండ్రిని ఊహించుకోండి. రాత్రి ఎనిమిదిన్నర దాటాక, టెక్సాస్‌లో ఆఫీసులు తెరిచాక, ఫోన్ కలిపారు. లోన్ శాంక్షన్ లెటరు, బ్యాంకు నుంచి ఫీజు పంపిన రసీదు, అబ్బాయి ఐడీ నంబరు అన్నీ ముందు పరుచుకుని కూర్చున్నారు. అవతల ఉన్నావిడ ఓపిగ్గా అంతా విని, మీ అబ్బాయి అనుమతి మా దగ్గర లేదండీ, చెప్పలేం అన్నారు. ఆ రసీదులు ఎన్ని చూపించినా లాభం లేదు.

బ్యాంకు లాకర్ సంగతి మనకి తెలుసు కదా. అద్దె నాన్నగారి ఖాతాలోంచి పోతుండొచ్చు. కానీ లాకర్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు వచ్చి సంతకం పెడితే తప్ప బ్యాంకువాళ్ళు తమ తాళం తిప్పరు. అమెరికాలో మార్కుల రికార్డు కూడా అలాంటి లాకరే. అద్దె మీది, పేరు మీ అబ్బాయిది.

మార్కుల రికార్డుని ఇలా విద్యార్థి చేతిలో పెట్టే అమెరికా చట్టాన్ని ఫెర్పా అంటారు. 1974లో వచ్చింది. అక్కడి కేంద్ర విద్యాశాఖ నిధులు తీసుకునే విద్యాసంస్థలన్నిటికీ వర్తిస్తుంది. స్కూల్లో ఉన్నంతకాలం హక్కు తల్లిదండ్రులది. పిల్లలకి 18 ఏళ్ళు నిండినా, కాలేజీలో చేరినా, ఆ హక్కు పూర్తిగా వాళ్ళకి మారిపోతుంది.

మనకిది కొత్తగా అనిపించడం సహజం. ఇక్కడ హాల్ టికెట్ నంబరు తెలిస్తే చాలు, మేనమామ కూడా రిజల్ట్ చూసేస్తాడు. కోచింగ్ సెంటర్లు ర్యాంకుల్ని ఫొటోతో సహా ఫ్లెక్సీలకెక్కిస్తాయి. అక్కడ విద్యార్థి అనుమతి లేకుండా, ఐడీ నంబరు పక్కన మార్కులు రాసి గోడకి అంటించడానికి కూడా వీల్లేదు. ఫెయిలైన పిల్లాడి పరువు వీధిన పడకుండా కాపాడే ఈ పద్ధతి నాకు నిజంగా నచ్చింది.

మరి ఆ లాకర్ ఇంకెవరికీ తెరవరా అంటే, తెరుస్తారు. ప్రాణం మీదికొచ్చే పరిస్థితి అయితే తల్లిదండ్రులకి చెప్పొచ్చు. కోర్టు ఆదేశం ఉంటే ఇవ్వాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి చదువు కొనసాగిస్తున్నాడా లేదా అన్నది యూనివర్సిటీ అక్కడి ప్రభుత్వానికి తెలియజేస్తూనే ఉండాలి, దానికి ఫెర్పా అడ్డు రాదు. ఇంకో వెసులుబాటు ఉంది. అమెరికా పన్ను లెక్కల్లో పిల్లల్ని డిపెండెంట్‌గా, అంటే తమ మీద ఆధారపడినవాళ్ళుగా, చూపించే తల్లిదండ్రులకి యూనివర్సిటీ తలచుకుంటే వివరాలు ఇవ్వొచ్చు. ఇక్కడ ఐటీ రిటర్న్ వేసే మనకి అది పనికిరాదు.

మనకి పనికొచ్చేది ఒక్కటే, అబ్బాయి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వడం. లాకర్‌లో రెండో పేరు చేర్చినట్టన్నమాట. చాలా యూనివర్సిటీల్లో రిజిస్ట్రార్ ఆఫీసులోనో ఆన్‌లైన్‌లోనో ఒక ఫారం ఉంటుంది. ఏ వివరాలు, ఎవరికి, ఎందుకు చెప్పొచ్చో అందులో రాసి సంతకం చేయాలి. ఫీజు కట్టడానికి మీకు ఇచ్చే లాగిన్‌లో సాధారణంగా బిల్లు మాత్రమే కనిపిస్తుంది, అది ఈ అనుమతి కిందికి రాదు. దయచేసి పిల్లల పాస్‌వర్డ్ మాత్రం అడగకండి. అది దొంగ తాళం చెవి కిందే లెక్క.

ఇప్పుడు గ్రాడ్యుయేషన్. టైమ్ తక్కువుంది, త్వరగా చెప్తాను.

పేరు పిల్లాడిదైనప్పుడు లాకర్‌లో ఏముందో చూసుకునే పని కూడా పిల్లాడిదే. ఇక్కడ చాలా కాలేజీల్లో చివరి సెమిస్టర్ పాసైతే ప్రొవిజనల్ కాలేజీవాళ్ళే తెప్పించి చేతిలో పెడతారు. అక్కడ చాలాచోట్ల గ్రాడ్యుయేషన్‌కి విడిగా అప్లై చేయాలి, దానికో గడువు ఉంటుంది. క్రెడిట్లన్నీ పూర్తయినా అప్లికేషన్ పెట్టకపోతే ఆ సెమిస్టర్‌లో డిగ్రీ రాకపోవచ్చు. ఎంఎస్‌కి మామూలుగా 30 నుంచి 36 క్రెడిట్లు, గ్రేడ్ల సగటు, అంటే జీపీఏ, 3.0 అడుగుతారు. డిగ్రీ ఆడిట్ అనే పేజీలో ఏ కోర్సు లెక్కలోకి వచ్చింది, ఏది రాలేదు అన్నీ కనిపిస్తాయి. ఎక్కడో ఒక కోర్సులో పని పూర్తికాక ఇచ్చిన ఇన్‌కంప్లీట్ గ్రేడు మిగిలిపోయి ఉంటుంది, అది అక్కడే బయటపడుతుంది. చివరి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కి ముందే చూసుకోవాలి.

గ్రాడ్యుయేషన్ వేడుకలో స్టేజీ ఎక్కితే డిగ్రీ వచ్చేసినట్టు కాదు. చాలాచోట్ల ఆ రోజు ఇచ్చేది ఖాళీ కవరే. గ్రేడ్లన్నీ పరిశీలించాకే డిగ్రీ ఖాయం చేస్తారు. టికెట్లు కొనుక్కుని వేడుకకి వెళ్ళే అమ్మానాన్నలు ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి, సంతోషంగా ఫొటోలు దిగండి.

ఇంకొక్క సంగతి, ఇది పిల్లలకి. చదువయ్యాక అక్కడ కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతిని ఓపీటీ అంటారు. దానికి ప్రోగ్రాం ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు అప్లై చేయాలి. ఆ లెక్క స్టేజీ ఎక్కిన రోజు నుంచి కాదు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే పత్రంలో ఉన్న ప్రోగ్రాం ముగింపు తేదీ నుంచి. ఇప్పుడే తీసి చూసుకోండి.