సరిగ్గా వారం ముందు

(అండర్-17 ఫుట్‌బాల్ టోర్నమెంట్ బహుమతుల సభలో, రాజంపేట)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేర్లు మళ్లీ చదవను, నాకంటే ముందు ముగ్గురు చదివేశారు. నన్ను క్రీడాస్ఫూర్తి మీద అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. దాని గురించి నాకు పెద్దగా తెలీదు గానీ ఒక ఫుట్‌బాల్ క్లబ్బు గురించి మాత్రం తెలుసు. లెబనాన్ రాజధాని బీరూట్‌ది. పేరు నెజ్మె, అరబ్బీలో నక్షత్రం అని అర్థం.

మన పక్కనుంచి కువైట్ పోయొచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు కాబట్టి చెప్తే అర్థమవుతుంది. నేను చివరి ఏడేళ్లు అక్కడ ఒక లెబనాన్ ఇంజనీరు దగ్గర డ్రైవర్‌గా చేశా. ముహందిస్ అని పిలిచేవాణ్ణి, అరబ్బీలో ఇంజనీరు అని. మంచోడే, జీతం మాత్రం ఎప్పుడూ పదో తారీకు దాటాకే. కార్లో పాటలు పెట్టనిచ్చేవాడు కాదు. సాల్మియాలో ఎక్కితే అహ్మదీలో దిగేదాకా నెజ్మె, నెజ్మె.

1945లో పుట్టిన క్లబ్బు అది. బీరూట్‌లో సముద్రం ఒడ్డున మనారా అని ఒక చోటుంది, మనారా అంటే లైట్‌హౌస్. వీళ్ల గ్రౌండు అక్కడే. ఆ దేశంలో పార్లమెంటు సీట్లు కూడా మతాల లెక్కన పంచుకుంటారు, క్లబ్బులూ దాదాపు అంతే. హోమెనెత్మెన్ ఆర్మేనియన్లది, సఫా డ్రూజ్ అనే మతం వాళ్లది, అన్సార్ అంటే సున్నీలు, అహద్ అంటే షియాలు అంటారు. నెజ్మె గ్యాలరీలో మాత్రం అందరూ కలిసి కూర్చునేవాళ్లని మా ముహందిస్ గొప్పగా చెప్పుకునేవాడు. కప్పుల లెక్కలో అన్సార్ వీళ్లకంటే చాలా ముందుంది, వరసగా పదకొండు లీగులు కొట్టి గిన్నిస్‌కెక్కింది. ఆ మాట ఎత్తితే ఆయన ఏసీ పెంచి అద్దంలోంచి బయటికి చూసేవాడు.

సరే, అసలు సంగతికొస్తా. 1975 ఏప్రిల్ 6, ఆదివారం. నెజ్మె జెర్సీ వేసుకుని ఎవరు దిగారో తెలుసా? పీలే! వెనక వరసలో ఫోన్లు చూస్తున్న పిల్లలూ, మీకే చెప్తున్నా, పీలే! స్నేహపూర్వక మ్యాచ్, బీరూట్ స్పోర్ట్స్ సిటీ స్టేడియంలో, వేలకు వేల జనం మధ్య. మా ముహందిస్‌కి అప్పుడు పదకొండేళ్లు, నాన్నతో వెళ్లాడు. పీలే ఏం ఆడాడు సార్ అని అడిగితే ఆడింది గుర్తులేదనేవాడు. పక్కన కూర్చున్న ఎవరో ముక్కూమొహం తెలీనాయన, వేయించిన సెనగలు పొట్లంలోంచి తీసి వీడి దోసిట్లో పోశాడట, అది గుర్తుంది. ఆయన ఏ మతమో మా నాన్న అడగలేదు, ఆయనా మమ్మల్ని అడగలేదు అనేవాడు. ఈ ముక్క నేను కనీసం యాభైసార్లు విన్నా, ప్రతిసారీ స్టీరింగ్ పట్టుకున్న నా చేతిలో పోసినట్టు చేయి చాపి మరీ చెప్పేవాడు.

సరిగ్గా వారం. ఏప్రిల్ 13, మళ్లీ ఆదివారమే. బీరూట్‌లోనే ఐన్ ఎల్ రుమ్మానె అనే పేటలో ఒక బస్సు మీద కాల్పులు జరిగాయి, అంతర్యుద్ధం మొదలైంది, 1990 దాకా ఆగలేదు. పీలే ఆడిన స్టేడియం 1982లో ఇజ్రాయెల్ బాంబులకి కూలింది, తొంభైల్లో మళ్లీ కట్టారు. లీగు ఏళ్ల తరబడి ఆగిపోయింది. మ్యాచ్‌కి వెళ్లిన ఆ తండ్రీ కొడుకులు వేరేవేరే దేశాల్లో తేలారు.

నా బాధ యుద్ధం గురించి కూడా కాదండీ. యుద్ధం అయిపోయాక జరిగింది చూడండి. 2005లో మాజీ ప్రధాని రఫీక్ హరీరీని బాంబు పెట్టి చంపారు, నెజ్మె గ్రౌండుకి ఇప్పుడు ఆయన పేరే. దేశం మళ్లీ రెండుగా చీలింది, గ్యాలరీల్లో కొట్లాటలు వస్తాయని భయపడి జనాన్నే రావద్దన్నారు. ఒకటి రెండు మ్యాచ్‌లు కాదు, కొన్నేళ్లపాటు! సెలవురోజు ముహందిస్ టీవీలో మ్యాచ్ పెడితే నేనూ గుమ్మం దగ్గర నిలబడి చూసేవాణ్ణి. బూటు బంతికి తగిలిన చప్పుడు విన్నాను. కోచ్ అరుపు విన్నాను. గోల్ కొట్టినవాడు అలవాటు కొద్దీ గ్యాలరీ వైపు పరుగెత్తి, ఖాళీ సిమెంటు మెట్లు చూసి, ఏం చేయాలో తోచక వెనక్కి నడిచొచ్చాడు. ముహందిస్ రిమోట్ నా చేతికిచ్చి లోపలికి పోయాడు.

ఇక్కడ ఒక మాట అనాలి, ఎవరికైనా కోపమొస్తే రానివ్వండి. మన గ్రౌండు గేటుకి సంవత్సరంలో ఎన్ని రోజులు తాళం ఉంటుంది? ఎగ్జిబిషన్‌కి తీస్తారు, సభలకి తీస్తారు, పిల్లాడు బంతి పట్టుకొస్తే వాచ్‌మన్ లేడంటారు. బీరూట్‌లో తాళం వేశారంటే భయపడి వేశారు. మనకేం భయమండీ?

అయిదు నిమిషాలు ఎప్పుడో దాటాయి, తెలుసు. ఒక్కటి చెప్పి దిగుతా. 2024 నవంబర్ 1న భూటాన్‌లో, థింఫూలో, నెజ్మెతో మన కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ ఆడింది. అప్పుడు బీరూట్ మీద బాంబులు పడుతూనే ఉన్నాయి, ఆ కుర్రాళ్లు ఇళ్లవాళ్లని అక్కడ వదిలి వచ్చి ఆడారు. రెండు గోల్స్ వెనకబడి, విరామంలోపే సమం చేసి, ఆఖర్న ఒక పెనాల్టీతో 3–2 తేడాతో ఓడారు. నేను ఎవరి పక్షమో అడగొద్దు, ఇంట్లో ఆరోజు దాని మీదే గొడవ. రాత్రి ముహందిస్‌కి వాట్సాప్‌లో వాయిస్ పెట్టా, ఓడిపోయారు సార్, బాగా ఆడారు అని. ఈమధ్య ఆయన బీరూట్‌లోనే ఉంటున్నాడు. రెండు రోజులకి జవాబొచ్చింది, కరెంటు లేదట. స్కోరు గురించి ఒక్క మాట లేదు.

"గ్యాలరీలో జనం ఉన్నారా?" అని అడిగాడు.

ఉన్నారు సార్ అన్నా.

ఇక కప్పు ఇచ్చేయండి, పిల్లలు ఎండలో నిలబడ్డారు.