రివ్యూకి పేపర్ వచ్చింది, ముందు ఏం చూడాలి?

(నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

యాంకర్: పరిశోధన పేపర్ ఒకటి అచ్చువేసే ముందు రివ్యూ చేస్తారా, అంటే చదివి బాగోగులు చెబుతారా అని జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. ముందు ఏం చూస్తారు సార్?

కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్: ఒప్పుకోవచ్చా లేదా అన్నది. రాసింది మన శిష్యులైతే ఎడిటర్‌కి ముందే చెప్పాలి. సబ్జెక్టు మనది కాకపోతే ఆ రోజే వద్దనేయాలి. నెల్లాళ్లు నానబెట్టి కుదరదనడం అన్యాయం.

పీజీ విద్యార్థిని: నేనైతే ఇంగ్లీషు దిద్దడంతో మొదలుపెడతాను మేడమ్.

స్టాటిస్టిక్స్ మేడమ్: అందరూ అక్కడే ఆగిపోతారమ్మా! నువ్వు మెథడ్స్, అంటే స్టడీ ఎలా చేశారో చెప్పే భాగం చదువు. కనిగిరి, పొదిలి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్, మోకాళ్ల నొప్పుల మీద స్టడీ అనుకో. మెథడ్స్‌లో 120 మంది, టేబుల్ 2లో కూడితే 112. ఆ 8 మంది ఏమైనట్టు? ఎక్స్‌రేకి రాలేదా, లెక్కకి అడ్డమొచ్చారని తీసేశారా? 'గణాంకాలు బాలేవు' అని రాస్తే రచయితకేం తెలుస్తుంది? 'టేబుల్ 2లో 8 మంది తగ్గారు, కారణం రాయండి' అనాలి.

ప్రొఫెసర్: అందులోనే 'ఇక్కడ ఇదే తొలి అధ్యయనం' అని కూడా రాసుంటారు చూడండి! నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్, అదే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు గురించి 1937లోనే రిపోర్టు అయింది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే, ప్రకాశం 1970లో ఏర్పడింది. అందుకే 'తొలి' అని కనపడితే పాత జర్నళ్లు వెతకాల్సిందే.

పీజీ: నీళ్లు, నొప్పులు ఒకేసారి చూసి, ఫ్లోరైడ్ వల్లే నొప్పులు అని తేల్చేస్తే?

మేడమ్: ఒప్పుకోకు. సంబంధం ఉందనొచ్చు, కారణమనలేం. వయసు, బరువు, పొలం పని... వీటిని లెక్కలోకి తీసుకున్నారా? ఇలాంటి స్టడీకి పేపర్లో ఏమేం రాయాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్టు పక్కన పెట్టుకో. మందుల ట్రయల్ అయితే కన్సార్ట్ అనే చెక్‌లిస్టు. ట్రయల్‌కి సీటీఆర్ఐ, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ, నంబరు కూడా తెరిచి చూడు. మొదటి పేషెంటును చేర్చుకోకముందే రిజిస్టర్ చేశారా? అక్కడ రాసిన ప్రధాన ఫలితం ఒకటి, పేపర్లో ఇంకొకటి అయితే గట్టిగా అడగాలి.

యాంకర్: ఇంత చూస్తే మోసం దొరికిపోతుందా?

ప్రొఫెసర్: అంత నమ్మకం వద్దు. 2020లో కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడకం మీద పేపర్ లాన్సెట్ అనే పెద్ద మెడికల్ జర్నల్‌లో మే 22న వచ్చింది, జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. రివ్యూ దాటి వచ్చిందే కదా. తర్వాత తనిఖీకి అసలు డేటా అడిగితే, దాన్ని సమకూర్చిన కంపెనీ ఇవ్వలేదు. డేటా ఎవరి దగ్గరుందో మేం ఇప్పుడు మొదట్లోనే అడుగుతున్నాం.

యాంకర్: చాట్‌జీపీటీకిచ్చి రివ్యూ రాయించుకుంటే టెన్షన్ ఉండదుగా?

ప్రొఫెసర్: ఇంకా అచ్చుకాని పేపరండీ, మనల్ని నమ్మి ఇచ్చారు. బయట అప్‌లోడ్ చేయడమంటే ఆ నమ్మకాన్ని రోడ్డున పడేయడమే.

పీజీ: నా కామెంట్ల ఇంగ్లీషు వరకే అయితే సార్?

ప్రొఫెసర్: జర్నల్ రూల్ చదువు. ఒప్పుకుంటే, వాడానని ఎడిటర్‌కి రాసెయ్.